చేతులూపుకుంటూ వచ్చిన అల్లుడు

తక్కువ సామానుతో ప్రయాణం చెయ్యడం ఒక సంస్కారమని కొన్నాళ్లు గట్టిగా నమ్మాను. గోవాకీ, బాలీకీ వీపు సంచీ ఒక్కటి తగిలించుకుని వెళ్లిపోయేవాళ్ల వీడియోలు చూసి చూసి పట్టిన పిచ్చి అది. రెండు చొక్కాలు, ఒక నిక్కరు, పళ్లు తోముకునే బ్రష్షు. తువ్వాలు బరువు. సబ్బు అక్కడ దొరక్కపోదు. మా ఆవిడ తన పెట్టె తను సర్దుకుంటూ, "కనీసం స్వీట్లైనా కొనండి" అంది. వెళ్తున్నది సముద్రానికి, స్వీట్లెందుకు అన్నాను. నిజానికి వెళ్తున్నది అత్తారింటికి. పూండి దగ్గర ఉద్దానంలో, జీడితోటకీ కొబ్బరితోటకీ మధ్య ఇల్లు. అక్కుపల్లి శివసాగర్ బీచ్‌కి స్కూటరు మీద వెళ్లొచ్చెయ్యొచ్చు.

పలాసలో రైలు దిగి ఆటోలో ఇల్లు చేరాం. మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. తలుపు చాటునుంచి కూతురితో అంటారు, నాకు వినపడేట్టు. "అల్లుడు బాబు బట్టలేవే? రైల్లో పోనాయేటే?"

కాదనాల్సింది. తెచ్చిందే ఇంత అని చెప్పుకోడానికి ఎందుకో నోరు రాలేదు. సాయంత్రానికి వీధి వీధంతా పరామర్శకొచ్చింది. సామాను ఏ స్టేషన్‌లో పోయుంటుందో ఒక ముసలాయన తేల్చి చెప్పేశాడు కూడా. నేను తలూపాను.

మర్నాడు జీడితోటలో పండు కొరికితే రసం చొక్కా మీద పడింది. జీడిమామిడి మరక ఎంత ఉతికినా పోదు. అంతటితో ఊరుకున్నానా? పండు కింద వేలాడే పచ్చి గింజని పంటితో కొరకబోయాను. ఆ తొక్కలోని నూనె తగిలితే ఒళ్లు కాలినట్టు పొక్కుతుంది. గింజలు ఒలిచే ఆడవాళ్లు చేతులకి నూనో బూడిదో రాసుకునేది అందుకే. నా కింది పెదవి బూరెలా పొంగింది. పక్కింటి పిల్లలు పనిగట్టుకుని చూసిపోయారు.

రెండో చొక్కాతో సముద్రంలో దిగాను. ఇట్టే ఆరిపోతుందని ఎక్కువ డబ్బు పోసి కొన్న చొక్కా. ఉప్పునీళ్లలో తడిసిన గుడ్డని మంచినీళ్లలో జాడించకపోతే అందులో ఉప్పు మిగిలి, గాలిలో తేమని పీలుస్తూనే ఉంటుంది. మర్నాడు కూడా దండెం మీద జిగటగా అలాగే ఉంది.

ఇక మావయ్య లుంగీ, మావయ్య చొక్కా. ఆ చొక్కాలోంచే, రాత్రి అరుగు మీద కూచుని, ఆయనకే ఉపన్యాసమిచ్చాను. మనిషికి ఇంత సామాను ఎందుకు మావయ్యా, పది వస్తువులుంటే చాలదా అని.

ఆయన ఓపిగ్గా విన్నారు. తర్వాత తిత్లీ సంగతి చెప్పారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను తీరం దాటింది పలాస దగ్గరే. ఆ రాత్రి వీళ్లంతా ఇల్లు వదిలి బడి భవనంలో తలదాచుకున్నారు. "పాసుపుస్తకం, ఆధారు, రేషను కార్డు. కవర్లో సుట్టి నడుముకి కట్టీసినాను. మరేటీ అట్టుకెళ్లనేదు." తిరిగొచ్చేసరికి కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ వేళ్లతో సహా పడున్నాయి. ఇప్పుడు వాకిట్లో ఉన్నవి ఆ తర్వాత వేసిన మొక్కలు.

"ఆ పదీ ఏటేటి బాబూ?" అని అడిగారు. వెటకారం లేదు, తెలుసుకుందామనే. పెదవి వాపు వంకతో తప్పించుకున్నాను.

బయల్దేరే రోజు ఒక సంచీ జీడిపప్పు, రెండు పనసకాయలు, ఒక గోనెసంచీ కొబ్బరికాయలు ఆటో ఎక్కాయి. నా వీపు సంచీ కనపడకపోతే కంగారుపడ్డాను. గోనెసంచీ మూతికి కుక్కారట, కాయలు దొర్లిపోకుండా.

చివర్లో అత్తగారు మా ఆవిడ చేతిలో డబ్బు పెట్టారు. "అల్లుడు బాబుకి రెండు జతల బట్టలు కొనే. పాపం, పోనాయి గదా."

వద్దనాలంటే నిజం చెప్పాలి. తీసుకున్నాం. ఆ డబ్బు మా ఆవిడ ఇంతవరకూ నా చేతికివ్వలేదు.