ఒక్క ఫోన్ చేయిస్తా, ఉండు

రాత్రి తొమ్మిది కొట్టగానే శ్రీశైలం అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టులో గేటు పడుతుంది. మళ్ళీ లేచేది పొద్దున ఆరింటికే. అటు దోర్నాల వైపు నుంచి శ్రీశైలం ఎక్కేవాళ్ళకూ ఇదే లెక్క. నిన్న మొన్న పెట్టిన రూలు కాదు. శ్రీశైలం ఒక్కసారైనా పోయొచ్చిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అయినా సరిగ్గా తొమ్మిదీ అయిదుకు ఒక పెద్ద కారు వస్తుంది. అద్దం సగమే దిగుతుంది, ఏసీ చల్లదనం బయటికి పోకుండా.

"ఎవరయ్యా ఇక్కడ ఇన్‌చార్జి?"

"టైం అయిపోయింది సార్. పొద్దున ఆరింటికి తీస్తం."

"అయిదు నిమిషాలే కదా!"

"రోజూ అందరూ గట్లనే అంటరు సార్."

"ఒక్క ఫోన్ చేయిస్తా, ఉండు."

ఫోన్ ఎవరికన్నది ముఖ్యం కాదు. బావమరిది తోడల్లుడు సెక్రటేరియట్‌లో ఉంటాడు, లేదా ఎమ్మెల్యేగారి పీఏ క్లాస్‌మేట్ అవుతాడు. చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు గనక సారు ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిరుగుతాడు. జీతానికి కాకుండా దినకూలీ లెక్కన పనిచేసే అటవీ శాఖ బేస్‌క్యాంపు కుర్రాడు మాత్రం గేటు తాడు చేత్తో పట్టుకుని, ఉద్యోగం పోయేది పులి వల్లనా పీఏ వల్లనా అని లెక్క వేసుకుంటూ నిలబడతాడు.

ఈ సారును తప్పుగా అర్థం చేసుకోకండి. ఆయనకు అడవంటే ప్రాణం. పులుల దినోత్సవం నాడు స్టేటస్ పెడతాడు. రాత్రిపూట రోడ్డెక్కే దుప్పులు, ఎలుగులు, చిరుతలు హెడ్‌లైట్ల వెలుగుకు కళ్ళు చెదిరి ఉన్నచోటే నిలబడిపోతాయని, అందుకే బండ్లు ఆపుతారని చెబితే "కరెక్టే కదండీ" అంటాడు. బందీపూర్ అడవిలో 2009 నుంచీ రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా బండ్లు ఆపుతున్నారని చదివి, కర్ణాటకవాళ్ళకు ఎంత క్రమశిక్షణో అని మెచ్చుకున్నది కూడా ఆయనే. రూలు మీద ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. 'అందరూ' అన్న మాటలో తననూ కలిపేశారే, అదొక్కటే బాధ.

ఫోన్ పని చెయ్యకపోతే దేవుణ్ణి దించుతాడు. "మేము షికారుకు రాలేదయ్యా, స్వామి దర్శనానికి పోతున్నాం." వెనకసీట్లో అరటిపళ్ళ గెల ఒకటి ఉంటుంది, కోతులకు. దారిలో కారాపి కోతికి అరటిపండు ఇస్తే పుణ్యమట. ఆ పండుకు అలవాటుపడ్డ కోతి రోడ్డు వదలదు. వెనక వచ్చే కారు దాన్ని వదలదు. ఆ పాపం మాత్రం వెనక కారువాడి ఖాతాలోకి పోతుంది.

తిరుమల ఎక్కే శేషాచలం కొండల్లో రూలు తప్పించుకునే ఈ కళ ఇంకా ముదిరింది. అలిపిరి టోల్‌గేటులో ఇచ్చే చీటీ మీద టైము వేసి ఉంటుంది. ఘాట్ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి. అంతకన్నా ముందే అవతలి గేటు చేరితే జరిమానా. వేగం తగ్గాలని పెట్టిన రూలు ఇది. మనవాడు దాన్ని ఎలా పాటిస్తాడో చూడాలంటే ఆఖరి మలుపు దగ్గర ఓ పావుగంట నిలబడండి. పద్దెనిమిది నిమిషాల్లో ఎక్కేసిన కార్లు వరసగా ఆగి ఉంటాయి. టైర్ల నుంచి కాలిన వాసన. తండ్రి బానెట్‌కు ఆనుకుని వాచీ చూసుకుంటూ ఉంటాడు, తల్లి పిల్లవాడి వాంతి తుడుస్తూ ఉంటుంది. "ఇంకా ఆరు నిమిషాలుంది, ఆగు." రూలును ఇంత నిష్ఠగా పాటిస్తూ దాని కడుపు మీద కొట్టగలిగే తెలివి మనకు తప్ప ఇంకెవరికీ రాలేదనుకుంటాను.

ఆ ఆగేది కూడా ఎక్కడ? కొండను తొలిచిన రాతిగోడ పక్కన. అక్కడి రాయి గట్టిదే, కాని నిలువునా పగుళ్ళుంటాయి. వాన నీళ్ళు ఆ పగుళ్ళలో దిగి, వాన వెలిసి ఎండ కాసిన తర్వాత కూడా బండ ఊడిపడవచ్చు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతింటే మళ్ళీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. 2021 డిసెంబరులోనే రెండో ఘాట్ మీద బండరాళ్ళు విరిగిపడి రోడ్డు మూశారు. అప్పుడు క్యూలో వినిపించిన మాటలు ఊహించడం కష్టమేమీ కాదు. రాయి పడకముందు మూస్తే "ఏమీ పడలేదు కదా, ఎందుకు మూశారు?" పడ్డాక మూస్తే "ముందే ఎందుకు మూయలేదు?" రాయి గాల్లో ఉండగా మూసే అధికారి దొరికితే తప్ప మనవాళ్ళకు తృప్తి లేదు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత ఒక వయసు దాటని పిల్లలతో మధ్యాహ్నం రెండు దాటాక నడవవద్దన్నారు, నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు. కర్రల మీద రాష్ట్రమంతా జోకులేసింది. నేనూ నవ్వాను. పిల్లల వయసు సంగతి మాత్రం ఎవరికీ నవ్వులాట అనిపించినట్టు లేదు. బస్సులో టికెట్ కొట్టేటప్పుడు అయిదేళ్ళు నిండని పిల్లవాడికి అలిపిరి మెట్ల దగ్గర ఏకంగా పదహారేళ్ళు వచ్చేస్తాయి. "చూడ్డానికలా కనిపిస్తాడండీ, వాళ్ళ తాతగారి పోలిక."

ఇక వానాకాలం. జలపాతాల దగ్గర కొత్త శాస్త్రం ఒకటి పుట్టింది. దాని మొదటి సూత్రం: "ఇక్కడ వాన లేదుగా!" తలెత్తి చూస్తే నీలాకాశం. ఫోన్‌లో వాన అవకాశం ఇరవై శాతం. ఇంకేం, వాగు దాటెయ్యడమే. వాగులోకి వచ్చే నీరు మన నెత్తిన పడిన వాన కాదనీ, పైన ఎక్కడో మనకు కనిపించని గుట్టల మీద పడిన వాననీ పక్క గూడెంలో మేకలు కాసే పిల్లవాడికి తెలుసు. తేట నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు బరువెక్కినా వాడు మేకల్ని గట్టుకు తోలేస్తాడు. మనవాడు అదే ఎర్ర నీటిని చూసి "కలర్ సూపరుంది, తియ్యరా వీడియో" అంటాడు.

2023 జూలై ఆఖర్లో ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గర ముత్యాలధార చూడబోయిన ఎనభై మంది దాకా పర్యాటకులు తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. వాగు దాటే ప్రయత్నం చెయ్యొద్దని ఫోన్లో చెబుతూ, సహాయ బృందాలు చీకట్లో వెళ్ళి వాళ్ళను బయటికి తెచ్చాయి. అదే జిల్లాలో లక్ష్మీదేవిపేటలో ఆ ఇరవై నాలుగు గంటల్లో పడిన వాన 649.8 మిల్లీమీటర్లు. తెలంగాణలో అంతకుముందెన్నడూ అంత నమోదు కాలేదు. అటువంటి రాత్రి తాళ్ళు పట్టుకుని వాగులో దిగినవాళ్ళకు ఒక్కరికైనా లైకులు వచ్చాయేమో నాకు తెలియదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో మారేడుమిల్లి అడవిలోని జలతరంగిణి దగ్గర ముగ్గురు వైద్య విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాని మీద వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రాదు.

ప్రభుత్వం మీద రాయడానికి మాత్రం బాగానే వస్తుంది. పర్యాటక శాఖ పోస్టరులో చినుకుల వేళ జలపాతాల సోయగం చూడ రారమ్మని పిలుపు. అటవీ శాఖ బోర్డు మీద 'ఇందుమూలముగా సందర్శకులకు తెలియజేయునది ఏమనగా' అని మొదలై, నిషేధం అన్న మాట వచ్చేసరికి రంగు అయిపోయిన వాక్యం. ఆ బోర్డుకు పది అడుగుల్లో పార్కింగ్ రసీదు పుస్తకంతో ఒకాయన కుర్చీ వేసుకుని ఉంటాడు. నిషేధిత ప్రాంతంలో కారు పెట్టుకోవడానికి యాభై, వ్యానుకు వంద. పత్రికలు తక్కువ తిన్నాయా? ఆదివారం 'జలకళ సంతరించుకున్న జలపాతం, పోటెత్తిన పర్యాటకులు'. సోమవారం అదే పేజీలో, అదే ఫొటోతో 'గల్లంతు'. ఫొటో మార్చే తీరికైనా ఉండొద్దూ?

దారి మూస్తే నిజంగా ఇబ్బంది పడేవాళ్ళు ఈ మొత్తం గోలలో ఎక్కడా వినిపించరు. శ్రీశైలం దారి అడవిలోనే అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, వాన పడితే మట్టిదారి దానంతట అదే మూసుకుంటుంది, దానికి ఏ గేటూ అక్కర్లేదు. పురిటి నొప్పులొచ్చిన మనిషిని అచ్చంపేట ఆసుపత్రికి చేర్చాలంటే వాళ్ళు ఎవరికి ఫోన్ చేయించాలి? ఆ దారి బాగుచెయ్యమని అడిగినప్పుడు చూపించడానికి శాఖల దగ్గర అడవి చట్టాలు బోలెడు. అదే, హైవే మీద గంట తొందరగా శ్రీశైలం చేరాలనుకునే కార్ల కోసమైతే అడవి నెత్తిన ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన ఉంది.

మనం మళ్ళీ జలపాతానికే వద్దాం. తాడు పట్టుకుని ఒడ్డెక్కిన మనిషి ముందు మైకు పెడితే మొదటి మాట ఇదే: "అసలు ఇక్కడ అధికారులు ఏం చేస్తున్నారండీ? ఒక గేటైనా వెయ్యొద్దా?" గేటు పక్కనుంచి పొదల్లో బైకు నెట్టుకుని వచ్చిన చారలు ఆయన ప్యాంటు మీద ఇంకా తడిగానే ఉంటాయి. చానల్ దాన్ని రోజంతా తిప్పుతుంది. మంత్రిగారు సీరియస్ అవుతారు. మర్నాడు కూలీలు కొత్త బోర్డూ, గడ్డపారా పట్టుకొస్తారు. గుంత ఇంకా తవ్వుతూనే ఉంటారు, బెంగళూరు నంబరు ప్లేటున్న కారొకటి వచ్చి ఆగుతుంది.

"అన్నా, టీవీలో చూపించిన స్పాట్ ఇదేనా? కారు ఎక్కడిదాకా పోద్ది?"