పేరుకే శిరస్త్రాణం

నేను పుట్టింది జలంధర్‌లో. పైన తోలు, లోపల రెండు మూడు పొరల ఫోమ్, గడ్డం కింద ఒక పట్టీ, తల వెనక వెల్క్రో. నా ఒళ్లంతా ఇంతే. బాక్సింగ్ నేర్చుకునేవాళ్లు స్పారింగ్‌కు, అంటే సాధన పోరుకు, దిగే ముందు నన్ను తలకు బిగించుకుంటారు. నా పేరు హెడ్‌గార్డ్. నాకు చిక్కంతా ఆ పేరుతోనే. తలను కాపాడేదని పేరు పెట్టారు కాబట్టి, కొనేవాళ్లు బొటనవేలితో నొక్కి చూసి, ఎంత మందంగా ఉంటే తలకు అంత క్షేమమనుకుంటారు. నా సంగతి నేనే చెప్పుకోవాలంటే, నేను కాపాడేది చర్మాన్ని, కొంతవరకు ఎముకను. మెదడుకు నేను పూచీ పడలేను. ఈ తేడా తెలిసినవాళ్లు నన్ను ఎంచుకునే తీరే వేరుగా ఉంటుంది.

దెబ్బ పడ్డప్పుడు నా ఫోమ్ నలుగుతుంది. ఆ నలగడంలోనే దెబ్బ జోరు కాస్త ఎక్కువ సేపటికి, కాస్త ఎక్కువ చోటుకి పరుచుకుంటుంది. కనుబొమ్మ చిట్లకుండా, చెవి చితకకుండా ఉండేది అందుకే. కానీ మెదడు పుర్రెకు అతుక్కుని లేదు, ద్రవంలో తేలుతూ ఉంది. కొబ్బరికాయకు ఎంత పీచు ఉన్నా, ఊపితే లోపలి నీళ్లు కదలక మానవు. గడ్డం పక్కన హుక్ పంచ్ తగిలి తల గిర్రున తిరిగితే మెదడు మెలిపడుతుంది. స్పృహ తప్పించడంలో ఆ మెలికదే పెద్ద పాత్ర. నేనూ పీచులాంటిదాన్నే. పైగా నా మందం వల్ల తల పరిమాణం పెరుగుతుంది. గాలిలో పోవలసిన దెబ్బ ఒక్కోసారి నా అంచుకు తగిలి తలను తిప్పుతుంది.

ఒలింపిక్స్‌లో నా వంశం 1984లో లాస్ ఏంజెలెస్‌లో అడుగుపెట్టింది. 2013లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం సీనియర్ పురుషుల పోటీల నుంచి మమ్మల్ని తీసేసింది. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లు ఉత్త తలతోనే ఆడారు. మహిళలకు మాత్రం 2024 పారిస్‌లోనూ మేం తప్పనిసరే. అందుకే నిజామాబాద్ నుంచే వచ్చిన ఇద్దరు బాక్సర్లలో నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో మాతోనే ప్రపంచ విజేత అయింది. హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో మేం లేకుండానే కాంస్యం తెచ్చుకున్నాడు. మమ్మల్ని తీసేశాక తల దెబ్బలతో ఆగిపోయే బౌట్లు తగ్గాయని సంఘం చెప్పింది. ముఖాల మీద కోతలు మాత్రం పెరిగాయి. మొదటి మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. పంచ్‌లు లెక్కబెట్టే పద్ధతి పోయి పది పాయింట్ల పద్ధతి వచ్చింది కూడా 2013లోనే. ఆట తీరే మారినప్పుడు ఆ తగ్గుదల అంతా నా ఖాతాలో ఎలా రాస్తారు? రెండో మాటకు నాకు పేచీ లేదు. నా పని ఏమిటో ఆ కోతలే చెబుతున్నాయి.

మెదడును కాపాడనప్పుడు స్పారింగ్‌లో మాత్రం నువ్వెందుకని అడగవచ్చు. పోటీ ఏడాదికి కొన్నిసార్లే, స్పారింగ్ వారం వారం. పోటీలో కనుబొమ్మ చిట్లితే పతకం కోసం భరిస్తారు. స్పారింగ్‌లో చిట్లితే కుట్లు మానేదాకా సాధన మూలనపడుతుంది. తలలు ఢీకొన్నప్పుడు అడ్డంగా ఉండేదీ నేనే. ప్రాచీన గ్రీకులు సాధనలో చెవులకు కవచాలు కట్టుకునేవాళ్లు. రేపటి సాధనకు ఒంటిని నిలబెట్టడమే అప్పటికీ ఇప్పటికీ మా కొలువు.

అందువల్ల నన్ను ఎంచుకునేటప్పుడు మందం కన్నా ముందు చూపు పరీక్షించాలి. చెంపలు కప్పే రకం చెంపల్ని కాస్తుంది, కానీ పక్క నుంచి వచ్చే హుక్‌ను కొంత దాచేస్తుంది. ముక్కు ముందు అడ్డకడ్డీ ఉన్న రకం ముక్కును కాస్తుంది, కింది నుంచి లేచే అప్పర్‌కట్‌ను మరుగుపరుస్తుంది. కనిపించే దెబ్బకు మెడ బిగుసుకుంటుంది, తల తప్పుకుంటుంది. కనిపించని దెబ్బకు రెండూ జరగవు. ముక్కు గాయం మానుతున్నవాళ్లకు కడ్డీ రకం సరే. పోటీకి తయారయ్యే అమ్మాయికి పోటీలో వాడే తెరిచిన ముఖం రకమే అలవాటు కావాలి. కనుబొమ్మలకు కాస్త పైన నుదురు చుట్టూ టేపుతో కొలిచి, నోట్లో మౌత్‌గార్డ్ పెట్టుకుని, పట్టీ బిగించి, నన్ను చేత్తో పట్టి అటూ ఇటూ తిప్పి చూడండి. తలతోపాటు కదిలితే సరిపోయినట్టు. తల నిలిచి నేనొక్కదాన్నే తిరిగితే, రింగ్‌లో మొదటి పంచ్‌కే మీ కళ్లకు గంతలు కడతాను. నొక్కిన ఫోమ్ పైకి లేవకపోయినా, తోలు పగిలి గరుకుదేలినా నా ఆయుష్షు తీరినట్టే.

మరి మందం వల్ల ధైర్యం రాదా అంటారు. వస్తుంది, నా భయమూ అదే. నన్ను చూసుకుని దెబ్బ తినేవాడు తల అడ్డం పెడతాడు, కొట్టేవాడు చేయి వదులుతాడు. తాడిచెట్టు ఎక్కేవాణ్ని ఎంతవరకని ఎగదోయగలను? మెదడును కాచేవి పదహారు ఔన్సుల గ్లోవ్స్, జోరు తగ్గించి కొట్టే జోడీ, తల ఒక్కసారి తూలగానే రౌండ్ ఆపేసే కోచ్. కళ్లు తిరిగినా, తలనొప్పి మొదలైనా నా పట్టీ విప్పేయాలి, ఆ రోజుకు మళ్లీ బిగించకూడదు. ఆ తర్వాత చూడవలసింది డాక్టరు. పట్టీ ఎప్పుడు విప్పాలో నాకు తెలియదు. అది పక్కన నిలబడి చూసేవాళ్లకు తెలిసి ఉండాలి.