జామకాయకు శిక్ష, అన్నానికి క్షమాభిక్ష

నెల్లూరు తీరంలో సుగరొచ్చిన ఇంట మొదటి ముద్దాయి జామకాయ. రెండో ముద్దాయి అరటిపండు. మామిడిపండుకైతే ఏకంగా దేశ బహిష్కారం. బియ్యం బస్తా మాత్రం ఏ కేసూ లేకుండా దర్జాగా మూల కూర్చుని ఉంటుంది.

మైపాడు వైపు ఏ పెళ్ళి పంక్తైనా చూడండి. వడ్డించే కుర్రాడు అరటిపండు పెట్టబోతే పెద్దాయన విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు. "వద్దబ్బయా, నాకు సుగరు!" గొంతులో ఎంత త్యాగం! మరుక్షణం ఆ చెయ్యే అన్నం బేసిన్‌ను పిలుస్తుంది, పులుసు మిగిలిందట. అన్నం పడ్డాక పులుసు చాలదు, పులుసు పోశాక అన్నం చాలదు. ఆఖర్న మలైకాజా. "ఒకటే గదా, ఏం గాదులే."

పండులో తీపి ఉంది, నిజమే. దాంతోపాటు పీచూ ఉంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో ఆ పీచు మరలోనే పోయింది. చైనాలో 5 లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, తాజా పండ్లు తినే సుగరు రోగుల్లోనే చావు ముప్పు తక్కువగా కనిపించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మనందరికీ రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు లెక్క కట్టింది.

సరే, కొనేదెవరు? 2023 జనవరి నుంచి కేంద్రం రేషన్ కార్డు మీద తలకు నెలకు 5 కిలోల బియ్యం ఉచితం. సర్కారు ఆసుపత్రిలో మాత్ర ఉచితం. "ఆకుకూరలు బాగా తినండి" అనే సలహా మరీ ఉచితం. డబ్బు పెట్టాల్సింది ఆకుకూరకొక్కదానికే!

పెరట్లో వేసుకోమంటారా? తీరం అంచున రొయ్యల చెరువులు తీసేయమని 1996లో సుప్రీంకోర్టు చెబితే, 2005లో చట్టం చేసి వాటికి దారి చూపారు. రొయ్య అమెరికా పోతుంది, ఉప్పు మన పెరట్లో ఊరుతుంది, వంకాయ నెల్లూరు నుంచి ఆటో చార్జీ తలకెత్తుకుని వస్తుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. చేతిలో పైసా ఆడని ఆ 61 రోజులూ ముందు ఆగేది కూరగాయల సంచే.

డాక్టరు రాసిన పథ్యం చీటీ ఇంటాయన జేబులో ఉంటుంది, గరిటె ఇల్లాలి చేతిలో ఉంటుంది. ఆ చీటీలో ఏముందో ఆవిడకు చెప్పిన నాథుడు లేడు. ఆవిడకే సుగరొస్తే ఇంకా సులువు: ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెల్లో మిగిలేది అన్నమే, కూర కాదు.

అయ్యలారా, నవంబరు 14న ప్రపంచ సుగరు దినం వచ్చిందంటే బ్యానర్లు పట్టుకుని నడుస్తారే, ఈసారి ఆ నడకేదో రేషన్ షాపు దాకా నడవండి. బియ్యం కాటా పక్కన కూరగాయల కాటా పెట్టించండి. వండే మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టండి. చెరువు ఉప్పును పెరటి గట్టు దాటనివ్వకండి. ఇవేవీ చేతకాకపోతే, జనానికి నోరు కట్టుకోవడం రాదనే ఉపన్యాసం మానేసి ముందు మీ నోరు కట్టుకోండి.