పాత పడుగుకు కొత్త అతుకు

మా బావ బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా నాకేదో ఒకటి తెస్తాడు. అంటే, వాళ్లింట్లో కాళ్లకు అడ్డం పడేది ఏదైనా. ఈసారి తెచ్చింది బడి పలకంత ల్యాప్‌టాప్. ‘‘నెట్‌బుక్కు బామ్మర్దీ, బంగారం లాంటి మిషను’’ అన్నాడు. బంగారమే అయితే ఎమ్మిగనూరు దాకా ఎందుకొస్తుంది?

ఆన్ చేస్తే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఆపరేటింగ్ సిస్టమ్ కనబడలేదని దాని సారాంశం. బావ ఇచ్చిన కవర్లో సీడీ ఒకటుంది. వేద్దామని ఎడమ పక్క చూశాను, కుడి పక్క చూశాను, తిరగేసి పొట్ట చూశాను. సీడీ దూరే సందెక్కడా లేదు. ఫోన్ చేశాను.

‘‘నెట్‌బుక్కులకు డ్రైవు ఉండదు కదా!’’

‘‘మరి సీడీ ఎందుకిచ్చినావ్ బావా?’’

‘‘కంపెనీ వాడు నాకిచ్చినాడు, నేను నీకిచ్చినా.’’

ఈ జాతి మిషన్లకు మూలపురుషుడు 2007లో ఆసుస్ వాళ్లు తెచ్చిన ‘ఈ పీసీ’. ఏ పీసీ అని అడక్కండి, దాని పేరే అది. ఏడంగుళాల తెర, చవక ధర. డిస్క్ డ్రైవు పెట్టే చోటే లేదు. నాది ఆ వంశంలో తర్వాతి తరం. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, ఒక జీబీ ర్యామ్.

సోమప్ప సర్కిల్ దగ్గర ఒక రిపేరు కొట్టుకు పట్టుకుపోయాను. కుర్రాడు దాన్ని తెరవను కూడా తెరవలేదు. అరచేత్తో బరువు చూసి, ‘‘పాత సామాన్లాయనకు వేసేయండి సార్, ప్లాస్టిక్ బక్కెట్టు వస్తుంది’’ అన్నాడు.

ఈ మాట మా పెద్దనాయనకు చెప్పడం నా పొరపాటు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి నిలబెట్టిన ఊరు ఇది. పెద్దనాయన కూర్చునే గుంత మగ్గం వాళ్ల నాయన కాలం నాటిది. పలకలు మారాయి, తాళ్లు మారాయి, నాడె ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు, మగ్గం మాత్రం అదే మగ్గం. ‘‘మిషను బాగుండాది, నూలు లేదు, అంతే కదప్పా? నూలు లేదని మగ్గం పారేస్తారా యాడన్నా?’’ అన్నాడు. ఆ దెబ్బకు నాకు పౌరుషం వచ్చింది.

ఇక ఏ ‘నూలు’ ఎక్కించాలి? పాత విండోస్ ఎక్స్‌పీని మైక్రోసాఫ్ట్ వాళ్లే 2014 ఏప్రిల్ 8న వదిలేశారు. కొత్త విండోస్‌ను ఈ మిషను మోయలేదు. మిగిలింది లినక్స్. అక్కడా తిరకాసే. నాది 32 బిట్ మిషను, ఉబుంటు లాంటి పెద్దలు ఆ గుమ్మం ఎప్పుడో మూసేశారు. చివరికి డెబియన్ 12 దారిచ్చింది. 2025లో వచ్చిన 13లో వాళ్లూ 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు, అంటే చివరి బస్సు అందిందన్నమాట. డెబియన్ అన్న పేరు వెనక కథుంది. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తన ప్రేయసి డెబ్రా పేరుకు తన పేరు అతికించాడు. మన ఆటోల వెనక రాయించుకుంటారే, అదే పద్ధతి. దాంతో నాకు సగం నమ్మకం కుదిరింది.

ఇక సీడీ బదులు పెన్‌డ్రైవ్ తయారు చేయాలి. తయారు చేయడానికి పనిచేసే కంప్యూటర్ కావాలి. అది ఉంటే ఇదంతా ఎందుకు? పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. మూడు రోజులు వెతికాక తెలిసింది, ఈ పని ఫోనే చేస్తుందని. ఎచ్‌డ్రాయిడ్ అని ఒక యాప్, ఓటీజీ కేబుల్ ఒకటి చాలు. ఇంట్లో పెన్‌డ్రైవ్ ఒకటే ఉంది, పెద్దనాయన మగ్గం పక్కన స్పీకరుకు గుచ్చి ఉండేది. ఆయన భోజనానికి లేచిన టైములో పీక్కొచ్చాను. ‘ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?’ అని యాప్ అడిగింది. ఫోన్ ఏది అడిగినా సరే అనడం నాకలవాటు.

గుచ్చి ఆన్ చేశాక బూట్ మెనూ పట్టుకోవాలి. ఎఫ్2నా, ఎఫ్12నా, ఎస్కేపా? రెండు సెకన్లు దాటితే మళ్లీ మొదటికే. ఆగీ ఆగని ఆదోని బస్సు ఎక్కడం నయం. తొమ్మిదోసారి ఎస్కేప్ పలికింది.

పెద్దనాయన చూస్తాడని భాష తెలుగు పెట్టాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చదువుతూ కూర్చున్నాడు. డిస్కును విభజించే పేజీ రాగానే ముఖం మారింది. ‘‘భాగాలెవరికప్పా?’’ అన్నాడు. మా ఇంట్లో ఆ మాటెత్తితే చిన్నాయన వాళ్లు కర్నూలు నుంచి బండి కట్టుకుని దిగుతారు. ఒకటే భాగం, ఎవరికీ పంచడం లేదని చెప్పి ముందుకు నొక్కాను.

ఎనభై శాతం దగ్గర కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి మిషను దీపం ఆర్పినట్టు ఆరింది.

‘‘అంతా పోయింది పెద్దనాయనా. డిస్కులో సగం సగం ఉంది.’’

‘‘మరి మొదట వెలిగింది ఎట్లా వెలిగింది, లోపల ఏమీ లేకుండా?’’

బయాస్ అని బోర్డు మీదే చిన్న చిప్పులో ఒక ముక్క ఉంటుందనీ, డిస్కు తుడిచేసినా అది పోదనీ, అదే లేచి మిగతాదాన్ని లేపుతుందనీ చెప్పాను.

‘‘అట్ల చెప్పు. అతుకు.’’

మగ్గం దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. బట్ట కోసేటప్పుడు పాత పడుగు కొస అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పోగును ఆ పాత పోగుకు ఆనించి, బూడిద అంటిన వేళ్లతో ఒక్క పురి తిప్పాడు. ముడి లేదు, గుబ్బ లేదు. లాగి చూపించాడు, ఊడలేదు. ఇట్లా వేల పోగులు. ‘‘ఆ కొస గానీ పొయ్యిందా, ఒక్కో పోగూ మళ్లీ అచ్చులోకి ఎక్కించుకోవల్ల. నీకు కొస మిగిలింది కదా, ఏడుస్తావెందుకు?’’

కరెంటు రాత్రి తొమ్మిదికి వచ్చింది. పదకొండున్నరకు డెస్క్‌టాప్ కనబడింది. బ్రౌజరు తెరవమని నొక్కి, నీళ్లు తాగి వస్తే సరిగ్గా తెరుచుకుంటోంది. నా సంతోషం తెల్లారేదాకే నిలిచింది. పొద్దున ఐదుకు పెద్దనాయన పెన్‌డ్రైవ్ పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

‘‘దీంట్లో రాఘవేంద్రస్వామి పాటలు పలకడం లేదప్పా.’’

పాటలన్నీ మళ్లీ వెతికి ల్యాప్‌టాప్‌లోకి దించి, స్పీకరుకు తగిలించాను. అప్పట్నుంచి అది మగ్గం గుంత గట్టు మీదే ఉంటోంది. బావ సీడీ పెరట్లో జామచెట్టుకు వేలాడుతూ చిలకల్ని తోలుతోంది. ఏదైనా రాసుకోవాలని నేను వెళ్లి అడిగితే, పెద్దనాయన నాడె ఆపకుండానే అంటాడు: ‘‘ఇంకో రెండు పాటలు కానీ అప్పా.’’