శీతల సంజీవని: ఒక మెకానిక్ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా బావగారిది మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బ్యురేటర్ కాలం నాటిది. మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర గేజీ ముల్లు ఎర్రగీతను తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. నలుగురూ కలిసి బండిని పక్క షెడ్డుకి తోశారు. సాయంత్రం తాళం చెవి చేతిలో పెడుతూ మెకానిక్ ఒకే ఒక్క వాక్యం అనుగ్రహించాడు. వ్యాఖ్యేయం అదే.

మూలం

“థర్మోస్టాట్ పీకేశాను, నీళ్లు చూసుకుంటూ పోండి సార్, ఏం కాదు.”

పాఠాంతరం

“చూసుకుంటూ” అన్నది బావగారి పాఠం. పక్క సీట్లో ఉన్న అక్కయ్య “పోసుకుంటూ” అనే విన్నానంటుంది. పరిష్కర్తలు ఇలాంటిచోట ఏదో ఒకటి తీసేస్తారు గానీ, ఇక్కడ రెంటికీ చోటుంది. “చూసుకుంటూ” అన్నాడంటే నీళ్లు పోతున్నాయేమోనని అతనికి అనుమానం. “పోసుకుంటూ” అన్నాడంటే పోతున్నాయని రూఢిగా తెలుసు, ఎక్కడికి పోతున్నాయో వెతికే ఓపిక లేదు. ఏ పాఠం పట్టుకున్నా వెతుకులాట మాత్రం జరగలేదు.

నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. ఆయనకు షెడ్డు వాఙ్మయం ఎదురుపడలేదు. ఈ వాక్యంలో అసలు విషయమంతా లేనిదాంట్లోనే ఉంది కనుక, ఆ నియమాన్ని ఇక్కడ మీరక తప్పదు.

ప్రతిపదార్థం

థర్మోస్టాట్ = ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి నీళ్లు వెళ్లే దారిలో కాపలా ఉండే కవాటము. లోపల మైనపు గుళిక ఉంటుంది. నీళ్లు నిర్ణీత వేడికి, సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య, చేరాక మైనం కరిగి ఉబ్బి కవాటాన్ని తెరుస్తుంది. ఎన్ని డిగ్రీలకో చాలావాటి మీద అంకె అచ్చువేసే ఉంటుంది.

పీకేశాను = తొలగించితిని. భూతకాలము, ఉత్తమ పురుష. వాక్యం మొత్తంలో వక్త తాను చేసినట్టు ఒప్పుకున్న పని ఇదొక్కటే. మిగతా పనులన్నీ శ్రోతవి.

“మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్, అది చలిదేశాల సరుకు” అని ఒక పూర్వపక్షం షెడ్డుల్లో తరతరాలుగా వినిపిస్తోంది. ఖండన: ఇంజిన్ వేడెక్కాక బాగున్న థర్మోస్టాట్ ఎలాగూ తెరుచుకునే ఉంటుంది. తెరిచిన తలుపును గోడ నుంచి ఊడదీస్తే గాలి ఎక్కువేం రాదు. పైగా తీసేశాక ఇంజిన్ పొద్దున్నే త్వరగా కాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ చిక్కగానే ఉండిపోతుంది. కొన్ని ఇంజిన్లలో నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన తిరిగొచ్చే మార్గాన్ని మూసేది కూడా ఇదే. అక్కడ దీన్ని పీకితే వేడి ఇంకా పెరుగుతుంది. అది చెడిందో లేదో చూడాలంటే వంటింట్లో గిన్నెడు నీళ్లు చాలు. దారం కట్టి, గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి పొయ్యి వెలిగించాలి. నీళ్లు మరిగేలోపు తెరుచుకుంటే, నేరం దానిది కాదు. బావగారి థర్మోస్టాట్ ఆ పరీక్షలో శుభ్రంగా తెరుచుకుంది. (గిన్నె విషయమై అక్కయ్య అన్న మాటలు ఈ వ్యాఖ్యకు అప్రస్తుతం.)

నీళ్లు = జలము. ఏ జలమో మూలం చెప్పలేదు. మన షెడ్డుల్లో నీళ్లంటే బోరు నీళ్లే. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుంటుంది. అలా పూడుకుపోయిన పాత రాగి రేడియేటర్లకైతే, పైతొట్టి విప్పి గొట్టం గొట్టానికీ పలచటి ఇనుప బద్ద దూర్చి తోడే పనివాళ్లు ఇంకా ఉన్నారు. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగంసగం పోస్తే తుప్పూ పట్టదు, సున్నమూ పట్టదు.

ఇక్కడే మూత సంగతి. రేడియేటర్ మూత స్ప్రింగు ఉన్న కవాటం. లోపల ఒత్తిడి నిలిపి, నీళ్లు మరిగే వేడిని 100 నుంచి 120 దరిదాపులకు పెంచుతుంది. దాని రబ్బరు గట్టిపడి పగిలితే ఒత్తిడి నిలవదు, 100 దగ్గరే మరిగి పొంగిపోతుంది. నీళ్లు ఎటు పోతున్నాయో అంతుపట్టని బళ్లలో ముందు మార్చవలసింది ఇదే, ఖర్చూ తక్కువే. కాగిన బండి మూత తిప్పే సాహసం ఎవరూ చేయరాదు. ఒత్తిడి తీరిన క్షణంలో నూరు దాటిన నీళ్లు ఆవిరై మొహం మీదికి లేస్తాయి.

సార్ = సంబోధన. డబ్బిచ్చే అధికారం గలవాడు, అడిగే అధికారం లేనివాడు అని ధ్వని.

పోండి = వెళ్లుడు. ఎక్కడికి, ఎంత వేగంతో అన్నది అధ్యాహార్యం. రోగం దొరికేది ఇక్కడే కనుక కాస్త నిలుద్దాం.

సందర్భ విచారం

పదో తరగతిలో సందర్భం రాయకుండా అర్థం రాస్తే మాస్టారు మార్కులు కోసేవారు. సందర్భం చెప్పింది అక్కయ్యే. ఏలూరు నుంచి హైవే మీద వచ్చినంతసేపూ ముల్లు సగంలోనే ఉందట. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ కదులుతూ వచ్చాకే లేచిందట. రోగం సగం తేలిపోయింది. హైవే మీద ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లార్చుతుంది, ఫ్యాన్‌తో పని లేదు. నిలబడ్డప్పుడు ఫ్యానే దిక్కు. ఆగినప్పుడు వేడెక్కే బండికి ఫ్యాన్ చూడాలి. వేగంగా పోతున్నప్పుడు వేడెక్కే బండికి పూడుకుపోయిన రేడియేటరో, రెక్కలరిగిన వాటర్ పంపో చూడాలి. ఆగినప్పుడా, పోతున్నప్పుడా అని మెకానిక్ అడగలేదు.

అంబాసిడర్ సంప్రదాయంలో ఈ విచారానికి తావు తక్కువ. దాని ఫ్యాన్ బెల్టుతో ఇంజిన్‌కే కట్టి ఉండేది కనుక, తిరుగుతోందా లేదా అన్న సందేహం రాదు. బెల్టు వదులైందా అనేదే చూడాలి. “నీళ్లు చూసుకుంటూ” అనే పలుకుబడి కూడా డిక్కీలో నీళ్ల డబ్బా మోసిన ఆ బళ్ల నాటిదే అనుకుంటాను. మారుతి 800లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంది, అందుకని ఫ్యాన్ కరెంటుది. నీళ్ల వేడి తొంభై దాటాక ఒక చిన్న స్విచ్ దాన్ని తిప్పుతుంది.

బండిని నీడలో నిలబెట్టి ఇంజిన్ నడిపించాం. పై హోస్ పైపు చెయ్యి పెట్టలేనంత వేడి, కింది పైపూ వేడే. అంటే నీళ్లు తిరుగుతున్నాయి. ముల్లు మూడువంతులు దాటినా ఫ్యాన్ ఉలకలేదు. స్విచ్ కనెక్టర్ ఊడదీసి, తీగలు రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలిపాం. ఫ్యాన్ గిర్రున తిరిగింది. మోటారు బాగుంది, ఫ్యూజు బాగుంది, చచ్చింది స్విచ్. కలిపినా తిరగకపోయుంటే ఫ్యూజు, రిలే, మోటారు వరసన చూడాల్సి వచ్చేది.

శంక: మరి షెడ్డు నుంచి ఇంటికి బాగానే వచ్చింది కదా? సమాధానం: చల్లటి నీళ్లు నిండుగా పోశారు, అప్పటికి ఎండ తగ్గింది, రోడ్డు ఖాళీగా ఉంది. థర్మోస్టాట్ పీకుడు విద్యకు పేరొచ్చింది ఇలాంటి ప్రయాణాల వల్లనే.

ఏం కాదు = కీడు ఏమియు కలుగదు. ఎవరికి? షష్ఠి లోపించింది. “నాకు” అని పూరిస్తే వాక్యం నూటికి నూరుపాళ్లు సత్యం.

ఇంజిన్‌కు మాత్రం అవుతుంది. పైన హెడ్ అల్యూమినియంది. కాలిన హెడ్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే వంకరపోవచ్చు, పగలొచ్చు. వంకరపోతే గాస్కెట్ పోతుంది. అప్పుడు రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, పొగగొట్టంలో తెల్లటి ఆవిరి, ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు నురగ. ఇక హెడ్ దింపి, లేత్ షాపులో సాపు చేయించాలి. ఇంకో మాయ ఉంది. నీళ్లు పూర్తిగా పోయాక ముల్లు కిందికి దిగొచ్చు. వేడిని కొలిచే సెన్సర్ నీళ్లలో మునిగి ఉండాలి. ఆవిరిలో మిగిలితే అది నిజం చెప్పదు. “అమ్మయ్య, చల్లారింది” అని గేరు వేసేవాళ్లు ఈ మాయకు చిక్కినవాళ్లే. నీళ్లున్నాయన్న నమ్మకముంటే ఏసీ ఆపి, హీటర్ వేసి పక్కకు తీయవచ్చు, ఆ హీటర్ కూడా చిన్న రేడియేటరే. నీళ్లు లేవని తోస్తే ఆ క్షణమే ఇంజిన్ ఆపెయ్యాలి.

తాత్పర్యం

కొత్త స్విచ్ వేశారు. పీకిన థర్మోస్టాట్‌ను కొత్త గాస్కెట్‌తో దాని చోట కూర్చోబెట్టారు. కూలెంట్ పోసేటప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది కనుక, బండి ముందు చక్రాలు ఎత్తు మీద ఉండేలా నిలిపి, మూత తీసి, హీటర్ తెరిచి ఇంజిన్ నడిపించాలి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం ఒక్కసారి జారుతుంది. మళ్లీ నింపి, బుడగలు ఆగాక మూత బిగించాలి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద చూస్తే కాస్త తగ్గి ఉండొచ్చు. మిగిలిన గాలి బయటపడిన చోటు అది. ఆ మేరకు నింపి, మరో రెండు పూటలు చూడాలి. అప్పటికీ తగ్గుతుంటే వాటర్ పంపు కింద చిన్న రంధ్రం దగ్గర తడి ఉందేమో వేలు పెట్టి చూడాలి.