దొరకకుండా వెతికే విద్య

విదేశీ నిపుణులను తాత్కాలిక వీసాలపై రప్పించుకునే అమెరికన్ కంపెనీలు తమ అవసరం గురించి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: దేశమంతా గాలించినా తగినవాడు దొరకలేదు. వాణిజ్య సంఘాల విజ్ఞప్తుల్లోనూ, చట్టసభల ముందు ఇచ్చే వాంగ్మూలాల్లోనూ ఈ మాట ఎంత ఆర్తితో వినిపిస్తుందంటే, 33 కోట్లకు పైబడిన జనాభాలో ఒక్క డేటాబేస్ నిర్వాహకుడి కోసం కాళ్లరిగేలా తిరిగి, చివరకు గత్యంతరం లేక సముద్రాల అవతలికి చూపు సారించిన యజమాని రూపం చదువరి కళ్లకు కట్టి జాలి పుట్టిస్తుంది. అయితే ఆ గాలింపు ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో జరిగిందో తెలుసుకుందామని నిబంధనల పుస్తకం తెరచినవారికి మాత్రం, దొరకకుండా వెతకడమనే ఒక స్వతంత్ర విద్య, తన ఆచార్యులతో, ప్రయోగ పద్ధతులతో, ఫీజులతో సహా దర్శనమిస్తుంది.

ఆ విద్యలో మొదటి పాఠం అసలు వెతకకపోవడం. 1990 నాటి వలస చట్టం ఏర్పరచిన హెచ్-1బీ వీసా, కనీసం బ్యాచిలర్ డిగ్రీ స్థాయి ప్రత్యేక విద్య అవసరమైన ఉద్యోగాలకు ఉద్దేశించినది. ఏడాదికి 65,000, అమెరికా విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 అని దానికి పరిమితి ఉంది. మూడేళ్లకు ఇచ్చి, మరో మూడేళ్లు పొడిగిస్తారు. దరఖాస్తు చేసేది యజమాని గనుక అతడినే స్పాన్సర్ అంటారు. స్థానికులు దొరకడం లేదన్న వాదన మీదనే ఈ వీసా నిలబడి ఉన్నప్పటికీ, స్థానికుడి కోసం వెతకవలసిన బాధ్యతను చట్టం చాలామంది యజమానుల నెత్తిన పెట్టనే లేదు. వారు కార్మిక శాఖకు దాఖలు చేసే లేబర్ కండిషన్ అప్లికేషన్ అనే హామీపత్రంలో, వాడుకలో ఎల్‌సీఏలో, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న వేతనం చెల్లిస్తామనీ, తక్కిన ఉద్యోగుల పని పరిస్థితులకు భంగం రానివ్వమనీ, సమ్మె జరుగుతున్న చోటికి మనిషిని దింపడం లేదనీ రాసి సంతకం పెడితే సరిపోతుంది. కార్మిక శాఖ ఏడు పనిదినాల్లో తేల్చవలసిన ఈ పత్రంలో, గడులన్నీ నిండాయా, పైకి కనిపించే తప్పులేవైనా ఉన్నాయా అన్నంతవరకే చూడాలని చట్టమే ఆ శాఖ చేతులు కట్టేసింది. వాది, సాక్షి ఒక్కరే అయిన చోట తీర్పు ఆలస్యమయ్యే ప్రమాదం ఎటూ ఉండదు.

ఇక నడుస్తున్న వేతనం అన్నదానికి నాలుగు మెట్లు ఉన్నాయి. ఒక ప్రాంతంలో ఒకే పని చేసే 100 మందిని జీతాల క్రమంలో తక్కువ నుంచి ఎక్కువకు నిలబెడితే, మొదటి మెట్టు దాదాపు 17వ మనిషి జీతం దగ్గర, రెండో మెట్టు 34వ మనిషి దగ్గర ఉంటాయి. సరిగ్గా నడిమి మనిషిని అందుకోవాలంటే మూడో మెట్టు ఎక్కాలి. ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే అధ్యయన సంస్థ 2020లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, 2019 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్-1బీ ఉద్యోగాల్లో 60 శాతం ఈ కింది రెండు మెట్ల మీదే ఉన్నాయి. వెతికి వెతికి వేసారినా దేశంలో దొరకనంత అరుదైన నైపుణ్యం, జీతం దగ్గరికి వచ్చేసరికి ఆ నడిమి మనిషి కంటే చౌకగా ఎందుకు ఉంటుందో వివరించే ఆర్థిక సూత్రం ఇంకా ఎవరూ కనిపెట్టినట్టు లేదు.

ఉద్యోగుల్లో 15 శాతం, అంతకు మించి హెచ్-1బీ వారే ఉన్న కంపెనీలు స్థానికుల కోసం నిజంగా ప్రయత్నించామని హామీ ఇవ్వాలని 1998లో కాంగ్రెస్ ఒక సవరణ చేసిన మాట వాస్తవమే; ఏడాదికి 60,000 డాలర్ల జీతం ఇస్తే, లేదా ఉద్యోగికి మాస్టర్స్ డిగ్రీ ఉంటే, ఆ హామీ అక్కర్లేదని అదే సవరణలో రాసుకున్న మాట కూడా అంతే వాస్తవం. అప్పటి నుంచి ఇప్పటికి ధరలు దాదాపు రెట్టింపు అయ్యాయి గానీ, ఆ 60,000 మాత్రం చెక్కుచెదరలేదు.

అసలైన వెతుకులాట కొన్నేళ్ల తర్వాత, ఆ తాత్కాలిక ఉద్యోగికి కంపెనీ గ్రీన్ కార్డు, అంటే శాశ్వత నివాస హక్కు, ఇప్పించదలచినప్పుడు మొదలవుతుంది. 2005 నుంచి అమలులో ఉన్న పెర్మ్ అనే ఈ ప్రక్రియలో, ఆ పనికి అర్హత, ఇష్టం, అందుబాటు ఉన్న అమెరికన్ ఎవ్వరూ లేరని కంపెనీ నిరూపించాలి. అందుకోసం స్థానిక పత్రికలో రెండు వేర్వేరు ఆదివారాలు ప్రకటన వేయాలి, రాష్ట్ర ఉపాధి కార్యాలయంలో 30 రోజులు ఖాళీని నమోదు చేయాలి, వృత్తి ఉద్యోగాలైతే సొంత వెబ్‌సైటు, జాబ్ ఫెయిర్, రేడియో వంటి పది మార్గాల్లో ఏవైనా మూడు వాడాలి. ఇంతా చేసి ఆ కుర్చీ ఖాళీగా లేదు. దానిలో ఒక మనిషి నాలుగైదేళ్లుగా కూర్చుని పనిచేస్తూనే ఉన్నాడు. సంబంధం ఖాయమై, శుభలేఖలు పంచి, అల్లుడు ఇల్లరికం వచ్చి ఏళ్లు గడిచిన ఇంట్లో, పురోహితుడి తృప్తి కోసం పత్రికలో ‘వరుడు కావలెను’ అని వేయించి, ఆ అల్లుడి గోత్రం, నక్షత్రం, ఎత్తు, చదువు చూసి రాసుకున్న లక్షణాలకు ఎవ్వరూ సరితూగలేదని పెద్దమనుషుల ముందు నిట్టూర్చడం ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

ఈ ప్రకటన దగ్గరగా పెట్టుకుని చూడదగిన సాహిత్యం. కంప్యూటర్ ఉద్యోగాలు వెతుక్కునేవారు అచ్చు పత్రిక తిరగేయడం మానేసి చాలా కాలమైన రోజుల్లో, ఆదివారం సంచిక వెనుక పేజీల్లో, పాత కార్ల అమ్మకాల సరసన, పొట్టి చేసిన మాటలతో కుక్కిన నాలుగైదు పంక్తులు కనిపిస్తాయి: కంపెనీ పేరు, ఊరు, హోదా, కావలసిన డిగ్రీ, ఇన్నేళ్ల అనుభవం, చివరన రెజ్యూమెను కాగితం మీద అచ్చు వేసి, ఫలానా కోడ్ నంబరు ఉటంకిస్తూ, ఫలానా మెయిల్ స్టాప్‌కు తపాలాలో పంపవలసిందని ఒక ఆదేశం. జీతం ఎంతో రాయాలని ఈ పత్రికా ప్రకటనకు సంబంధించిన సమాఖ్య నియమం అడగదు. జీతం రాయక తప్పనిది ఆఫీసులో పది పనిదినాలు అతికించే నోటీసులో; దానిని ఎక్కడ అతికించాలో కూడా నియమం సూచించింది, కనీస వేతనాల నోటీసు, కార్యాలయ భద్రతా నోటీసుల పక్కన, అంటే కాఫీ యంత్రం దగ్గర నిలబడ్డవాడి కన్ను పొరపాటున కూడా పడని చోట.

ఇన్ని అడ్డంకులు దాటి, పోస్టల్ స్టాంపు కొని, అర్హుడైన ఒక స్థానికుడు దరఖాస్తు పంపనే పంపాడనుకుందాం. ఆ ఉద్యోగం అతడికి ఇచ్చి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. కంపెనీ ఆ పెర్మ్ దరఖాస్తును అప్పటికి ఆపుకుని, కొంతకాలం ఆగి, మళ్లీ రెండు ఆదివారాలు ఎంచుకుంటుంది. ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకోని నియామక ప్రకటన, ఎవరి కోసమూ కాని ఖాళీ అనే ఈ రెండు భావనలను కార్మిక చట్టంలో ఇంత శ్రద్ధగా పొదిగిన దేశం మరొకటి ఉండకపోవచ్చు.

ఇది విమర్శకుల ఊహ కాదనడానికి ఆ విద్య ఆచార్యులే సాక్ష్యం పలికారు. 2007లో పిట్స్‌బర్గ్‌కు చెందిన ఒక న్యాయవాద సంస్థ తన ఖాతాదారుల కోసం నిర్వహించిన సదస్సు వీడియో బయటపడినప్పుడు, అర్హుడైన అమెరికన్‌ను కనుగొనకపోవడమే తమ లక్ష్యమని న్యాయవాది ఏ మొహమాటమూ లేకుండా బోధించడం లోకం చూసింది. 2020 డిసెంబరులో న్యాయ శాఖ ఫేస్‌బుక్‌పై దావా వేసి, 2,600కు పైగా ఉద్యోగాలను ఆ కంపెనీ తన కెరీర్స్ వెబ్‌సైటులో పెట్టకుండా, దరఖాస్తులు తపాలాలోనే పంపమందని ఆరోపించింది. ఆ దావా ప్రకారం అలాంటి ఉద్యోగాల్లో 99.7 శాతానికి వచ్చిన స్థానిక దరఖాస్తులు సున్నా, లేదా ఒకటి. అదే తరహా ఉద్యోగాన్ని వెబ్‌సైటులో పెడితే సాధారణంగా 100కు పైగా వచ్చేవి. 2021 అక్టోబరులో కంపెనీ 47.5 లక్షల డాలర్ల జరిమానాకూ, బాధితులకు 95 లక్షల డాలర్ల దాకా పరిహారానికీ ఒప్పుకుని రాజీపడింది. 2023 నవంబరులో ఆపిల్ కూడా ఇదే తరహా ఆరోపణలపై మొత్తం 2.5 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి ఒప్పుకుంది. చేతిలో ఇమిడే ఫోను అమ్మి లోకాన్ని కాగితం నుంచి విముక్తం చేసిన సంస్థ, దరఖాస్తులను కంప్యూటర్ ద్వారా స్వీకరించడానికి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోవలసి రావడం సాంకేతిక చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయానికి అర్హమైనది.

స్థానికుడు ఒక్కడైనా దొరకని ఈ కరువు సీమలో విదేశీయుడు మాత్రం అక్షయంగా దొరుకుతాడు. పరిమితికి మించి దరఖాస్తులు వస్తాయి గనుక హెచ్-1బీకి లాటరీ తీస్తారు. 2024 ఆర్థిక సంవత్సరపు లాటరీకి అర్హమైన దాదాపు 7,59,000 రిజిస్ట్రేషన్లలో 4,08,000కు పైగా, ఒకే మనిషి పేరున ఒకటి కంటే ఎక్కువ కంపెనీలు వేసినవి. అమెరికన్ ఒక్కరికీ దొరకలేదు గానీ, అమీర్‌పేటలో కోర్సు నేర్చి, మాస్టర్స్ ముగించిన కుర్రవాడు మనుషులను ఇతర కంపెనీల ప్రాజెక్టులకు పంపే నాలుగు కన్సల్టెన్సీలకు ఒకేసారి, ఒకదాని గురించి మరొకదానికి తెలియకుండానే, అత్యవసరమయ్యాడు. మరుసటి ఏటి నుంచి లాటరీని మనిషి లెక్కన తీయడం మొదలుపెట్టగానే రిజిస్ట్రేషన్లు దాదాపు 4,70,000కు పడిపోయాయి; అంతమంది యజమానుల అత్యవసరం ఒక్క నిబంధనతో ఎలా చల్లారిందో వాణిజ్య సంఘాల విజ్ఞప్తుల్లో వివరణ కనిపించదు.

ఈ కన్సల్టెన్సీల్లో తెలుగువారు నడిపేవీ, తెలుగువారితోనే నిండినవీ తక్కువేమీ కాదు గనుక, తప్పంతా తెల్లదొరలదే అని చేతులు దులుపుకునే వీలు లేదు. ప్రాజెక్టు లేని ఉద్యోగిని బెంచ్ మీద ఉన్నాడంటారు. బెంచ్ మీద ఉన్న రోజులకూ జీతం ఇవ్వాలని చట్టం స్పష్టంగా చెబుతుంది, కన్సల్టెన్సీ యజమాని అంతే స్పష్టంగా ఆ పేజీ తిప్పేస్తాడు. కొత్తగా వచ్చినవాడి రెజ్యూమెలో రాత్రికి రాత్రి ఏడేళ్ల అనుభవం మొలుస్తుంది; దాన్ని మార్కెటింగ్ అంటారు. క్లయింటు గంటకు ఇచ్చే రేటులో మధ్యవర్తి అయిన ఒక వెండరు, అతడి పైన మరొక వెండరు తమ తమ వాటాలు మినహాయించుకోగా మిగిలింది ఉద్యోగికి చేరుతుంది. చిలుకూరు గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకున్న భక్తుడికి, ఈ వెండర్ల చుట్టూ చేయవలసిన ప్రదక్షిణల సంఖ్య ఎవరూ ముందుగా చెప్పరు.

ఇంతకూ యజమానికి దొరికినదేమిటో చూస్తే వెతుకులాట అంతరార్థం బోధపడుతుంది. ఏ దేశంలో పుట్టినవారికైనా ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏటా 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల, భారత్‌లో పుట్టినవారి వరుస ఎంత సాగిందంటే, మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల ఈబీ-2 తరగతిలో 2025 చివరికి కూడా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. వరుసలో ఉన్నంతకాలం వీసా పొడిగించుకోవచ్చు గనుక ఆరేళ్ల తాత్కాలికం పన్నెండేళ్లు, పదిహేనేళ్లు అవుతుంది. మధ్యలో కంపెనీ మారితే కొత్త యజమాని మళ్లీ పెర్మ్‌తో మొదలుపెట్టాలి. ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను పట్టుకోవడానికి ఉన్న గడువు 60 రోజులు. జీతం పెంచమని గట్టిగా అడగలేని, పై అధికారితో వాదించలేని, ఇల్లు కొన్నా కాలు నిలవని నిపుణుడు స్థానికుల్లో దొరకడు. ఆ అర్హత వరకు మాత్రం కంపెనీలు నిజమే చెబుతున్నాయి.

వెతుకులాటలో ఓడిపోయిన అమెరికన్‌కు మాత్రం ఎదురుగా కనిపించేది పక్క కుర్చీలోని భారతీయుడే. ఓర్లాండోలో డిస్నీ సంస్థ సుమారు 250 మంది సాంకేతిక ఉద్యోగులను తొలగిస్తూ, వారి స్థానంలోకి వస్తున్న భారతీయులకు పని నేర్పించి వెళ్లమన్న సంగతి 2015లో వార్తలకెక్కినప్పుడు, నేర్పినవారికీ నేర్చుకున్నవారికీ మధ్య మిగిలిన మాట సంస్కృతుల సంఘర్షణ. నేర్పమన్నవారు ఆ సంఘర్షణలో ఏ పక్షమూ వహించలేదు.

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు విదేశాల నుంచి రప్పించే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు 1,00,000 డాలర్లు కట్టాలని ప్రకటించడంతో ఈ సమస్య తీరిపోయిందని సంబరపడినవారు కొందరున్నారు. స్థానికుడి కోసం ఎవరైనా వెతికారా, పత్రికా ప్రకటన ఎవరికైనా కనిపించిందా అన్న ప్రశ్న ఆ ప్రకటనలోనూ లేదు. అమెరికాలోనే చదువుతూ స్టూడెంట్ వీసా నుంచి హెచ్-1బీకి మారేవారికి అది వర్తించదని నెల తిరిగేసరికి వివరణ వెలువడింది. జాతీయ ప్రయోజనం ఉందనుకుంటే ఒక మనిషికో, ఒక కంపెనీకో, మొత్తం ఒక పరిశ్రమకో మినహాయింపు ఇచ్చే అధికారం హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రికి ఉంది గనుక, స్థానికులు లేరని నిరూపించడంలో ఇన్నేళ్లు చేయి తిరిగిన న్యాయవాదులకు, జాతీయ ప్రయోజనం ఉందని నిరూపించడం అంత కష్టమైన పనేమీ కాబోదు, ఫీజు మాత్రం విడిగా ఉంటుంది.