పొదుపు పిండి
ఆదివారం రుబ్బిన పిండి వారమంతా టిఫిన్ ఖర్చు మిగిలిస్తుందన్నది ఇంటి అర్థశాస్త్రంలో మొదటి సూత్రం. 1 గ్లాసు మినప్పప్పుకు 2 గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు నానడానికి 4 గంటలు, పిండి పులవడానికి ఒక రాత్రి. ఫ్రిజ్‌లో పెడితే పులుపు నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. అందుకే సోమవారం ఇడ్లీ, బుధవారానికి అట్టు, గురువారం ఉల్లిపాయలు చల్లిన ఊతప్పం, శుక్రవారం పునుగులు. మిగిల్చిన డబ్బు నూనె రూపంలో మూకుట్లోకి చేరేది ఇక్కడే. పల్లీ చట్నీ మాత్రం ఏ పూటకాపూట చేయాల్సిందే. (రుబ్బే చేతికి జీతం లేదు గనకే ఇంటి ఇడ్లీ చవక.) ఈ పొదుపు లెక్క వేసేది సాధారణంగా పేపరు పట్టుకుని ప్లేటు కోసం ఎదురుచూసే మనిషి. గ్రైండర్ వాయిదాలు ఆయన పద్దులోకి రావు.